సిరాజ్‌కు ఒక న్యాయం, పొరుగువాడికి మరొకటా?

2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హైదరాబాదీ బౌలర్ మహమ్మద్ సిరాజ్‌ను కొందరు ప్రేక్షకులు జాతి పేరుతో దూషించారు. అతను అంపైర్లకు చెప్పాడు, ఆట ఆగింది. దూషణ నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో తేల్చింది. ఆటోడ్రైవర్ కొడుక్కి జరిగిన అవమానానికి మనమంతా మండిపడ్డాం. సబబే. అయితే అతను పేరున్న ఆటగాడు.

కొత్తగూడలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఆఫ్రికా విద్యార్థి వస్తే ఎగాదిగా చూసేది ఎవరు? పెళ్లి సంబంధాల్లో ‘పిల్ల తెల్లగా ఉండాలి’ అని షరతు పెట్టేది ఎవరు? మనమే కదా! తెల్లవాడికి నల్లవాడిపై ఆధిక్యం లేదనీ, దైవభీతే గీటురాయి అనీ ప్రవక్త (స) చివరి హజ్ సమయంలో చాటారు. ఆ హితవు సిడ్నీ ప్రేక్షకులకే కాదు, మన గడపకూ వర్తిస్తుంది. ఈసారి సంబంధం మాట్లాడేటప్పుడు రంగు ఊసెత్తకుండా ఉందాం.