అడ్వాన్సు ఎవరబ్బ సొమ్ము?

తెలంగాణలో అద్దె ఇంటికి అడ్వాన్సుగా ఒక నెల అద్దెకు మించి పుచ్చుకోకూడదని చట్టం ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం, ఏడో సెక్షన్. ఉమ్మడి రాష్ట్రంలో పుట్టి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ పేరు తగిలించుకుని ఇప్పటికీ పుస్తకాల్లో బతికే ఉంది. గూడూరులోని ఒక హోటలు వాళ్లు ఇదే సెక్షన్ పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1989లో గెలిచారు కూడా. నెల అద్దెకు మించిన అడ్వాన్సు ఓనరు దగ్గరే పడి ఉండగా, అద్దె బాకీ పడ్డావంటూ ఖాళీ చేయించడం కుదరదని, ఆ ఎక్కువ సొమ్మును బాకీ కింద చెల్లు వేసుకోవచ్చని కోర్టు తేల్చింది.

మరి కూకట్‌పల్లిలో రెండు నెలలు, మాదాపూర్‌లో మూడు నెలలు ఎలా అడుగుతున్నారు? చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు. చడీచప్పుడు లేకుండా చంపేశారు, అంతే. 2005లో ఒక సవరణ తెచ్చారు. నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే, మిగతా చోట్ల 2,000 దాటితే ఆ భవనానికి ఈ చట్టం వర్తించదు. ఆనాటికి ఆ అంకె వెనక ఏదో ఒక లెక్క ఉండే ఉంటుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచాయి. మెట్రో వచ్చింది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, రాష్ట్రమే రెండయింది. 3,500 మాత్రం 3,500గానే ఉంది. ఈ రోజు హైదరాబాద్‌లో ఆ డబ్బుకి ఇల్లు మాట అటుంచి, అమీర్‌పేట హాస్టల్లో మంచం దొరకడమే కష్టం. అంటే నగరంలో అద్దెకున్నవాళ్లు దాదాపు అందరూ ఆ చట్టం గడప బయటే నిలబడి ఉన్నారు. అంకె మార్చడం అంత కష్టమా? 2016లో మన శాసనసభ్యుల జీతభత్యాలు ఒక్క దెబ్బకు రెట్టింపు దాటి పెరిగాయి. ఆ అంకెలు చకచకా కదిలాయి.

చట్టం గడప దాటినవాడికి మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి అన్న ముక్క లేదు. ఉన్నదల్లా ఓనరు దయ, ఒక స్టాంపు పేపరు. ఆ పేపరును మనం ఏనాడైనా పూర్తిగా చదివామా? జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఒకే అగ్రిమెంటు ఏళ్ల తరబడి పడి ఉంటుంది. పేర్లు, ఇంటి నంబరు, అద్దె మార్చి ప్రింటు తీస్తారు. ఏడాది దాటితేనే లీజు రిజిస్టర్ చేయించాలన్న నమ్మకంతో పదకొండు నెలలకే రాస్తారు. పదకొండు నెలలకు అద్దె ఎంత పెరగాలో శాతంతో సహా ఉంటుంది. అడ్వాన్సు ఏ తేదీలోగా వెనక్కి రావాలో మాత్రం ఉండదు. రాయమని అడిగారనుకోండి, 'మా మీద నమ్మకం లేదా బాబూ' అంటారు. ఆ నమ్మకం ఉందనే కదా అంకుల్, రెండు నెలల డబ్బు ముందే మీ చేతిలో పోశాం!

ఇక ఖాళీ చేసేటప్పుడు చూడాలి. ఒక డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఇరవై వేలు అనుకుందాం. పాత ఓనరు దగ్గర నలభై వేలు ఇరుక్కుని ఉంటాయి. కొత్త ఇంటికి అడ్వాన్సు మళ్లీ నలభై, మొదటి నెల అద్దె ఇరవై, బ్రోకరు ఉంటే ఇంకో ఇరవై. సామాను బండి ఎక్కకముందే ఎనభై వేలు కావాలి. పాత అడ్వాన్సు అడిగితే వచ్చే జవాబు ఊరంతా ఒక్కటే: 'కొత్తవాళ్లు దిగనీ, వాళ్ల అడ్వాన్సు రాగానే నీది నీకిచ్చేస్తా.' ఆ మాటకు అర్థం తెలుసుగా? మన డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. ఇప్పుడు ఇంకొకరి డబ్బు వస్తే తప్ప మనది రాదు. ఒక కంపెనీ ఇదే పని చేస్తే చిట్‌ఫండ్ మోసం అని టీవీల్లో గగ్గోలు పెడతాం. మన పైపోర్షన్‌లో జరిగితే మాత్రం మామూలే అంటాం.

తర్వాత కోతలు. పెయింటింగ్ కింద ఒక నెల అద్దె. రెండేళ్లున్నా అంతే, పది నెలలున్నా అంతే. గోడకు కొట్టిన మేకులకు కొంత, బాత్రూం కుళాయికి కొంత, గీజరుకు కొంత. ఆ డబ్బుతో నిజంగా పెయింటు వేస్తారా అంటే, మరుసటి ఆదివారమే అదే గోడల మధ్య కొత్త కుటుంబం పాలు పొంగించుకుంటూ ఉంటుంది. 1882 నాటి ఆ పాత చట్టమే నూట ఎనిమిదో సెక్షన్‌లో ఒక మాట స్పష్టంగా చెప్పింది: మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాడిది పూచీ కాదు. తెల్లదొరలు గుర్తించిన న్యాయం మన అపార్టుమెంటు సెక్రటరీలకు ఇంకా అందలేదు.

కోర్టుకు పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. మూడేళ్లలోపు సివిల్ దావా వేయవచ్చు. నలభై వేల కోసం లాయరు ఫీజు, కోర్టు ఫీజు, వాయిదాకో సెలవు. ఓనరుకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు, అందుకే అంత నిబ్బరం. పోలీసు స్టేషన్‌కు వెళితే 'ఇది సివిల్ మేటర్' అని పంపేస్తారు. అదే పోలీసులు ఇల్లు అద్దెకిచ్చే ముందు మన ఆధార్, ఫోటో, పనిచేసే చోటు అన్నీ తీసుకోమని ఓనర్లకు జాగ్రత్తలు చెబుతారు. మంచిదే, తీసుకోవాల్సిందే. ఇంటిపన్ను లెక్కకు మునిసిపాలిటీకి అద్దె విలువ కావాలి. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు రాయితీ కోరితే ఆదాయపు పన్ను శాఖకు ఓనరు పాన్ నంబరు కావాలి (అది అడిగినప్పుడు ఓనరు ముఖం చూడాలి!). ప్రభుత్వానికి మన గురించి అన్నీ కావాలి. మన అడ్వాన్సు ఎటు పోయిందన్నది మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఓనర్లంతా దొంగలని నేననను. రిటైరయిన పంతులుగారు పీఎఫ్ డబ్బుతో మేడ మీద ఒక పోర్షన్ వేసుకుని ఆ అద్దెతోనే మందులు కొనుక్కుంటున్న ఇళ్లు ఉప్పల్‌లో, రామంతాపూర్‌లో ఎన్నో ఉన్నాయి. ఆరు నెలల అద్దె ఎగ్గొట్టి, కరెంటు బిల్లు మిగిల్చి పోయినవాళ్ల కథలు వాళ్ల దగ్గరా ఉన్నాయి. ఖాళీ చేయనని మొండికేసినవాడి మీద కోర్టుకెళ్లి ఏళ్లు తిరిగినవాళ్లూ ఉన్నారు. అడ్వాన్సు పెంచుకుంటూ పోవడానికి ఆ భయమూ ఒక కారణమే. సరైన చట్టం ఆ పంతులుగారికీ కావాలి.

అలాంటి చట్టానికి నమూనా రాసి ఇచ్చి కూడా ఏళ్లయింది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. ఇల్లు అప్పగించిన నాడే, రావాల్సిన బాకీలు మినహాయించుకుని, మిగతాది తిరిగివ్వాలి. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు ఓనరు బాధ్యత అని షెడ్యూలులో విడిగా రాశారు. ఓనరుకూ అండ ఉంది: గడువు దాటినా ఖాళీ చేయనివాడు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగింతలు కట్టాలి. గొడవలు తేల్చడానికి రెంట్ అథారిటీ, దానిపైన ప్రత్యేక కోర్టు. అయితే ఇది రాష్ట్రాల పరిధిలోని అంశం, రాష్ట్రం తన సొంత చట్టం చేసుకుంటే తప్ప ఆ కాగితానికి ప్రాణం రాదు. ఉత్తరప్రదేశ్ చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ అయితే 2017లోనే కొత్త అద్దె చట్టం చేసింది. కానీ విజయవాడ మొగల్రాజపురంలోనో, విశాఖ ఎంవీపీ కాలనీలోనో అద్దెకుంటున్న పది మందిని ఆపి రెంట్ అథారిటీ ఎక్కడుందో అడగండి. చెప్పగలిగినవాడు దొరికితే శాలువా కప్పాలి. తెలంగాణలో ఆ ఊసే లేదు.

ఎందుకు లేదంటే, అద్దెకున్నవాళ్లు ఓటు బ్యాంకు కారు. చాలామంది ఓటు ఇప్పటికీ ఊళ్లోనే ఉంటుంది. కాలనీ సంఘంలో వాళ్లకు మాట ఉండదు, లిఫ్టు దగ్గర నోటీసులు మాత్రం వాళ్లకోసమే ఉంటాయి. పైగా మనలో ప్రతివాడూ రేపు ఓనరు కావాలనుకునేవాడే. ఫ్లాటు కొన్న మరునాడే రెండు నెలల అడ్వాన్సు అడిగేది కూడా నిన్నటిదాకా దానికి ఏడ్చిన మనమే.

ప్రభుత్వం పెద్ద పనులేమీ చేయనక్కర్లేదు. కొత్త చట్టానికి ఓపిక లేకపోతే, వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో పాత చట్టంలోని ఆ 3,500 కొట్టేసి నేటి అద్దెలకు తగిన అంకె వేయండి. అడ్వాన్సు తిరిగివ్వడానికి గడువు పెట్టండి, దాటితే వడ్డీ వేయండి. ఆంధ్రప్రదేశ్ ఏలికలు తమ చట్టం గురించి జనానికి తెలుగులో చెప్పండి. అద్దెకున్న అన్నలారా, అక్కలారా, అంతవరకు అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, దిగిన రోజే గోడలకు ఫోటోలు తీసుకోండి, తిరిగిచ్చే తేదీ రాయనిదే స్టాంపు పేపరు మీద సంతకం పెట్టకండి.