గుర్రానికీ ఒక చిక్కం

ముందే చెప్పేస్తున్నాను. ఆరుబయట గుర్రానికి ఎండుగడ్డి వేయడానికి నాలుగైదు వందల డాలర్లు పోసి ఫీడర్ కొనక్కర్లేదు. అలాగని నేలమీద పడేస్తే కుదరదు. "ఇంట్లో పడున్నదేదో ఒకటి పెడదాం" అనుకోవడం ఇంకా ప్రమాదం. ఈ మూడు ముక్కల మీద మా చుట్టుపక్కల వాళ్ళతో వారం వారం వాదన నడుస్తోంది కాబట్టి తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

సాఫ్ట్‌వేర్ వాడికి గుర్రం గొడవెందుకంటారా? మేముండేది ఫ్లోరిడాలో, ఒకాలా దగ్గర. ఇక్కడ ఇద్దరు కలిస్తే మూడో మాట గుర్రం గురించే. మా అమ్మాయి పోరు పడలేక ఒక ముసలి ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఎంత నిజమో నా క్రెడిట్ కార్డు బిల్లుకి తెలుసు.

మనకి పశువంటే ఆవూ గేదే. మా తాతగారింట్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గాడిలో ఇంత గడ్డి వేస్తే సరిపోయేది. ఆవు గబగబా మేసేసి, నీడన పడుకుని నెమరు వేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. అంత ఒళ్ళున్నా దాని పొట్ట 8 నుంచి 15 లీటర్లే. అందులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. అందుకే పచ్చికలో వదిలితే రోజుకి 16 గంటల దాకా మేస్తూనే ఉంటుంది. రెండు పూటలా వేసిన గడ్డి గంటలో ఊడ్చేసి, మిగతా టైమంతా ఖాళీ కడుపుతో నిలబడితే పొట్టలో పుండ్లు పడతాయి. (హైదరాబాదులో ఫంక్షన్ హాలు బయట బరాత్ కోసం గంటల తరబడి నిలబెట్టిన గుర్రాన్ని ఈసారి చూస్తే, దాని ముందు గడ్డిపోచైనా ఉందేమో గమనించండి.) పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిందేదైనా అటువైపు నుంచే బయటికి రావాలి.

ఇక నేలమీద వేయడం. "గుర్రాలు వేల ఏళ్ళుగా నేలమీదే తింటున్నాయి కదండీ" అంటారు. నిజమే, కానీ అవి నేలలో పాతుకున్న పచ్చగడ్డిని కొరుక్కుని తిన్నాయి. బోసి నేల మీద రాలిన ఆకుల్ని పెదాలతో ఏరుకుని తినడం అది కాదు. మాది ఇసుక నేల. ఆకు వెనకాలే ఇసుక కూడా పోయి పేగుల్లో పేరుకుంటుంది. 2023 వేసవిలో పక్క పొలంలో గుర్రానికి అలాగే కడుపుశూల వచ్చింది. ఆపరేషన్‌కి పదివేల డాలర్లకి తగ్గదన్నారు. అయినా వయసు మీద పడ్డ గుర్రం, లేస్తుందన్న నమ్మకం లేదన్నారు. ఆ రాత్రే ఇంజక్షన్ ఇప్పించి పంపేశారు. ఆ పెద్దావిడ ఇప్పటికీ ఆ కంచె వైపు రారు.

అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. ప్లాస్టిక్ గ్లవ్‌లో నాలుగైదు లద్దె ఉండలు వేసి, నీళ్ళు పోసి బాగా కలిపి, కాసేపు వేలాడదీయండి. ఇసుక ఉంటే వేళ్ళ చివర్లలోకి దిగుతుంది. అయితే ఇసుక కనపడకపోతే కడుపులో లేదని మాత్రం కాదు.

డబ్బు లెక్క వేసుకున్నా నేల నష్టమే. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో అచ్చేసిన పరిశోధనలో, పెద్ద గుండ్రటి గడ్డిచుట్టని ఫీడర్ లేకుండా వదిలేస్తే 57 శాతం వృథా అయింది. ఫీడర్లతో, రకాన్ని బట్టి, 5 నుంచి 33 శాతం. 450 కేజీల గుర్రానికి రోజుకి 7 నుంచి 9 కేజీల గడ్డి కావాలి. అందులో సగం తొక్కుడుకి పోతే మన జీతాలు ఎక్కడ సరిపోతాయి?

మరి చౌకగా ఏం చెయ్యాలి? పాత టైరులో వెయ్యమని చాలామంది చెబుతారు. నాకు నచ్చదు. లోపలి తీగలు తేలితే గడ్డితో పాటు నోట్లోకి పోవచ్చు, గిట్ట ఇరుక్కోవచ్చు. చెక్క ప్యాలెట్లూ అంతే, పలకల మధ్య కాలు దిగితే విరుగుతుంది. మేకుల సంగతి సరేసరి. ప్యాలెట్ మీద ఎంబీ అని ముద్ర ఉంటే దానికి పురుగుమందు పొగ పట్టించారని అర్థం. గుర్రం చెక్కని కొరక్కుండా ఉండదు, దాని జోలికి పోకండి.

మేం వాడేది చిక్కం. కోడెలు కుప్ప నూర్చేటప్పుడు గింజలు తినకుండా మూతికి కట్టేవాళ్ళు చూడండి, అదే. ఇక్కడ మూతికి కాకుండా గడ్డికి కడతాం. అంగుళంన్నర కన్నాల వల అయితే ఒక్కో పోచా లాక్కుని తినాలి, గంటలో అయ్యే గడ్డి ఇంకా ఎక్కువసేపు వస్తుంది. వల ఖరీదు 25 డాలర్ల లోపే. దాన్ని ఎత్తుగా వేలాడదీస్తే దుమ్ము కళ్ళలో పడుతుంది, కిందకి వదిలేస్తే కాలు చిక్కుతుంది. అందుకని తిండి సరుకు నింపిన పాత ప్లాస్టిక్ పీపా ఒకటి సంపాదించి, రెండడుగుల ఎత్తుకి కోసి, అంచుకి చీల్చిన నీళ్ళ గొట్టం తొడిగాను. అడుగున వాన నీళ్ళు పోవడానికి కన్నాలు. వలని పీపా లోపల అడుక్కి కట్టేసి, పీపాని కంచె గుంజకి బిగించాను. మా గుర్రానికి నాడాలు లేవు. ఉంటే ఇంకా లోతైన పెట్టె కావాలి, నాడా వలకి తగులుకుంటే బెదిరి ఒళ్ళు విరుచుకుంటుంది. అలాగే మూతికి పట్టీ ఉంచకూడదు, దాని బకిలు వలలో పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పీపా కింద పరిచిన పాత రబ్బరు చాప. రాలినదంతా దాని మీదే పడుతుంది, ఇసుకలో కలవదు. చిన్న బడ్జెట్ వాళ్ళు పీపా మానేసినా చాప మానొద్దు. గడ్డిమోపుకి కట్టిన ప్లాస్టిక్ తాడు కోసిన వెంటనే జేబులో పెట్టుకోండి. మా వాషింగ్ మెషీన్‌లో వారానికి నాలుగైదు దొరుకుతుంటాయి, దాని మీద మా ఆవిడ అభిప్రాయం వేరే రాయాలి.

జులై వానల్లో మాత్రం ఏ పీపా అయినా రోజూ ఖాళీ చేసి కడగాల్సిందే. తడిసిన గడ్డి ఒక్క రోజులో వేడెక్కి బూజు పడుతుంది. వాసన చూడండి, మగ్గిన వాసనొస్తే ఎంత ఖరీదైన గడ్డయినా గుర్రం ముందు పెట్టకండి.