ఉద్వాసన

పూజ ముగిసిన పిదప దేవతను సగౌరవముగా సాగనంపుటకు తెలుగువారు ఉద్వాసన యని పేరిడిరి. కొలువునుండి తొలగించుటకును ఆ మాటనే వాడుచున్నారు. హిందీలో దీనిని ఛంటనీ అందురు. ఏరివేత యని దాని అర్థము. ఢిల్లీ పరిసరముల యజమానులకు ఈ రెండు మాటలతోను పనిలేదు. "గడువు ముగిసినది" అన్నచో వారికి చాలును.

2019లో మోటారు వాహనముల అమ్మకములు పడిపోయినవి. మూడువేలకు పైగా తాత్కాలిక కార్మికుల ఒప్పందములను పొడిగింపలేదని ఆగస్టులో మారుతీ సంస్థ అధ్యక్షుడు ఆర్. సి. భార్గవ వెల్లడించెను. సెప్టెంబరు 7, 9 తేదీలలో గురుగ్రామ్, మానేసర్‌లలోని ఆ సంస్థ కర్మాగారములలో ఉత్పత్తి నిలిచినది. నవంబరులో మానేసర్‌లోని హోండా కర్మాగారమున కాంట్రాక్టు కార్మికులను తొలగింపగా వారు ఆవరణమునందే బైఠాయించిరి. సంస్థ కొన్ని దినములు కర్మాగారమును మూసివైచెను.

ఈ కార్మికుని తాత్కాలికుడనుట ఎట్లు పొసగును? బండ్లు తయారగుచున్నంత కాలము ఆ పని ఉండనే ఉండును. తాత్కాలికమైనది అతని చేతికిచ్చిన కాగితము మాత్రమే. ఏడాదికి తక్కువకాక పనిచేసిన వానిని తొలగించునపుడు నెలనాళ్ల నోటీసును, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల సగటు వేతనమును ఇయ్యవలెనని 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము విధించినది. గడువు తీరిన ఒప్పందమును పొడిగింపకుండుట అట్టి తొలగింపు కాదని 1984 నాటి సవరణ ఒక దొడ్డిదారి తెరచినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఆ దారిని మూయలేదు.

సరకు అమ్ముడుపోనప్పుడు యజమాని వేతనము ఎక్కడనుండి తెచ్చి ఇయ్యగలడని కొందరి ప్రశ్న. లాభము యజమానికే చెందుటకు వీరే చెప్పు న్యాయమేమి? నష్టభయమును అతడు వహించుచున్నాడనియే గదా! గిరాకి పెరిగిననాడు పాలు అడిగిన కార్మికునికి వచ్చు సమాధానమిదియే. గిరాకి తగ్గిననాడు తొలి నష్టము ఆ కార్మికుని పొయ్యి మీదనే పడుచున్నది. నష్టమును మోయనివాడు నష్టభయము పేరిట లాభమును కోరుట ఏ ధర్మము?

2020 మార్చి 29న, లాక్‌డౌన్ కాలమునకు కోత లేక వేతనములు చెల్లింపవలెనని కేంద్ర ప్రభుత్వము ఆదేశించినది. యజమానులు కొందరు సుప్రీంకోర్టునకెక్కిరి; మే 18 నుండి ఆ ఆదేశము ఉపసంహరింపబడినది. ఆదేశమునకు ముందునాడే వేలకొలది కార్మికులు ఆనంద్ విహార్ బస్సు స్టేషనువద్ద గుమిగూడి స్వగ్రామములకు దారి వెదకుచుండిరి. యజమాని మాట విలువ వారికి ముందే తెలియును.

కాగితముపై గడువును గాక పనిచేసిన దినములను లెక్కించి, తాత్కాలికునికిని పరిహారము చెల్లింపవలెను. మాంద్యమున ఇది సాధ్యము కాదనువారు, మంచికాలమున లాభములో కొంత భాగమును దీనికై ముందే వేరుచేసి ఉంచవలెను. దేవతకు సైతము నైవేద్యము పెట్టిన పిమ్మటనే కదా ఉద్వాసన చెప్పుదురు!