అమ్మకు క్యాన్సర్.. చికిత్స ఉచితమే, మరి తోడుండే కూతురి సంగతి?

మెట్‌పల్లిలో ఇంటర్ చదివే అమ్మాయి. నాన్న గల్ఫ్‌లో. అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఫైలు పట్టుకుని హైదరాబాద్ వెళ్లేది, ఇంటికొచ్చి వండేది, తమ్ముణ్ని బడికి పంపేది ఇక ఆ అమ్మాయే. వలస వెళ్లిన ఇళ్లలో ఎక్కడైనా ఎదురయ్యే పరిస్థితే ఇది. ప్రభుత్వ సేవలు ఆమెకు ఎంతవరకు అక్కరకొస్తాయి?

ఖర్చు ఎవరు భరిస్తారు?

అర్హత ఉన్న కుటుంబానికి రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి రూ.10 లక్షల వరకు ఉచిత చికిత్స ఉంది. 2023 డిసెంబర్ 9న ఈ పరిమితిని రూ.5 లక్షల నుంచి పెంచారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులోకి వస్తాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్రను కలవాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి.

రాకపోకలు ఎలా?

ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్ బస్సులో తల్లీకూతుళ్లిద్దరికీ మహాలక్ష్మి జీరో టికెట్ ఇస్తారు. అసలు చిక్కు రోజులతోనే. కీమో చాలామందికి రెండు, మూడు వారాలకోసారి ఉంటుంది కాబట్టి వెళ్లి రావచ్చు. రేడియేషన్ అలా కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు పడుతుంది. అప్పుడు హైదరాబాద్‌లోనే ఉండాలి. ఆ గది అద్దె, తిండి ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

కూతురు ఏం గుర్తుపెట్టుకోవాలి?

* కీమో తర్వాత 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.
* 18 ఏళ్లు నిండకపోతే ఆపరేషన్ అంగీకార పత్రంపై ఆమె సంతకం చెల్లదు. అమ్మే చేయాలి. తోడుగా పిన్నినో మేనమామనో పిలిపించుకోవాలి.
* ఇంటర్‌కు 75 శాతం హాజరు కావాలి. ఆసుపత్రి చీటీల నకళ్లు ప్రిన్సిపాల్‌కు ముందే ఇవ్వాలి.
* మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

లోటు ఎక్కడ?

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. జగిత్యాలలోనే కీమో అందితే ఆ అమ్మాయికి ప్రతిసారీ ఒకటి రెండు రోజుల క్లాసులు మిగులుతాయి. రేడియేషన్‌కు మాత్రం పట్నం తప్పదు. పథకం రోగి బిల్లు కడుతోంది. పక్కన కూర్చున్న పిల్ల పోగొట్టుకునే చదువుకు మాత్రం ఏ పద్దూ లేదు.