ఆపన్నుల పిలుపు

అర్ధరాత్రమున పొలమునకు నీరు పెట్టబోయిన రైతును పాము కరచినదనుకొందము. తోడివాడు సెల్‌ఫోను తీసి 108కి పిలుచును. దూరపు నగరమున కేంద్రములో కూర్చున్న ఉద్యోగి మొదట అడుగు ప్రశ్న యొక్కటే: "ఎక్కడ నున్నారు?" దానికి వాడు చెప్పగల సమాధానము, చెరువుగట్టు దిగి తాళ్ల వరుస దాటిన పిమ్మట రెండవ బోరు దగ్గర అని. ఆ గుర్తులు ఊరివారికి కరతలామలకములు, ఉద్యోగికి నిరర్థకములు. జిల్లా యేది, మండల మేది, సమీపమున రహదారి యేది అని విచారించునప్పటికి నిమిషములు గడచిపోవును. విషము మాత్రము విచారణ ముగియు వరకు ఆగదు.

ఈ నిమిషములను గూర్చియే మేము నేడు వ్రాయుచున్నాము.

అత్యవసర సహాయ విషయమున తెలుగువారు వెనుకబడినవారు కారు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైనది. అంతకు పూర్వము బండిమీదనో, జీపులోనో ఆసుపత్రికి మోసికొనిపోవలసిన పల్లెటూరి రోగికి ఉచితముగా అంబులెన్సు ఇంటిముంగిటికి వచ్చుట ఒక విప్లవమే. నిర్వహించు సంస్థలు మారినవి, ప్రభుత్వములు మారినవి, రాష్ట్రము రెండైనది. ఆ సంఖ్య మాత్రము జనుల నోట నిలిచినది. గుజరాతు మొదలగు అనేక రాష్ట్రములు దానినే అనుసరించినవి. ఒకప్పుడు దేశమునకు దారి చూపినవారము గనుకనే, నేడు పాతపద్ధతులతో తృప్తినొందుట మనకు తగదు.

ఈ వ్యవస్థ కంతటికిని పునాది తంతి టెలిఫోను. లండను నగరమున 999 సంఖ్య 1937లో ఏర్పడినది. అమెరికాలో 911కు మొదటి పిలుపు 1968 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రపు చిన్నపట్టణ మొకదానిలో జరిగినది. ఆనాటి టెలిఫోను గోడకో, బల్లకో కట్టుబడి యుండెడిది. సంఖ్య తెలిసిన ఇల్లు తెలిసినట్లే. సెల్‌ఫోను వచ్చుటతో ఆ బంధము తెగిపోయినది. పిలుచువాని సంఖ్య తెలియును. వాడున్న చోటు తెలియదు. ఏ టవరునుండి పిలుపు వచ్చినదో తెలిసినను, పల్లెటూళ్లలో ఒక్కొక్క టవరు పరిధి కొన్ని కిలోమీటర్లు వ్యాపించి యుండును. ఆ పరిధిలో పడియున్న మనిషిని చీకటిలో వెదకుట ఎట్లు?

దీనికి పరిహారము లేకపోలేదు. పిలుపు చేసిన క్షణమున ఫోను తనంతట తానే ఉపగ్రహముల మూలమునను, చుట్టుపట్లనున్న వైఫై మూలమునను తన స్థానమును గుర్తించి సహాయకేంద్రమునకు తెలుపు పద్ధతి బ్రిటనులో 2014లో మొదలైనది. ఐరోపా సమాఖ్య 2022 మార్చి నుండి తన దేశములలో అమ్ము క్రొత్త స్మార్టుఫోను లన్నిటిలోను ఇట్టి యేర్పాటును తప్పనిసరి చేసినది. అన్నము తెప్పించుకొనుటకు మన ఇంటిగడప నెరుగు ఫోను, ప్రాణము పోవునప్పుడు ఎరుగకుండుట సహింపరానిది. మన రెండు రాష్ట్రములందును ప్రతి పిలుపుతో నిట్టి సూక్ష్మస్థానము కేంద్రమునకు చేరవలెను. ఎచ్చట చేరుటలేదో ప్రభుత్వమువారు దాపరికము లేక ప్రజలకు చెప్పవలెను.

రెండవ లోపము శాఖల వేర్పాటు. పోలీసులకు 100, అగ్నిమాపక దళమునకు 101, అంబులెన్సుకు 108 అని జనులు వేరువేరుగా నేర్చిరి. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరకృత్యము పిమ్మట ఏర్పడిన నిర్భయనిధి ధనముతో దేశమంతటికిని 112 అను ఏకసంఖ్య సంకల్పింపబడినది. అది 2018 నవంబరులో హిమాచల ప్రదేశమున ప్రారంభమై, 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు వచ్చినది. సంకల్పము ప్రశస్తమే. కాని సంఖ్య యొక్కటైనంత మాత్రమున వ్యవస్థ యొక్కటి కాదు. లారీ బోల్తాపడి మంట లేచినచో ముగ్గురును రావలెను. పిలిచినవాడు తన కథను ముమ్మారు చెప్పుకొనవలసి వచ్చినచో, ద్వార మొక్కటియై లోపల గోడలు మూడున్నట్లే. ఒకరు వ్రాసికొన్న వివరము అదే క్షణమున మువ్వురి యెదుటను కనబడవలెను. సరిహద్దు గ్రామమువాని పిలుపు పొరుగు రాష్ట్రపు టవరును తాకి అచ్చటి కేంద్రమున పడినచో, అచ్చటివారు దానిని తెలుగు తెలిసిన మనవారికి తత్‌క్షణమే అందింపవలెను. రేడియో తరంగములకు రాష్ట్రముల ఎల్లలు తెలియవుగదా!

అయినను క్రొత్తయంత్రము కొన్నంతనే కార్యము ముగిసినదని భ్రమింపరాదు. 2014 ఏప్రిలులో అమెరికాలో ఏమి జరిగినదో చూడుడు. కొలరాడో రాష్ట్రమందలి ఒక కేంద్రము ప్రతి పిలుపునకు నొక వరుససంఖ్య నిచ్చుచుండెను. సాఫ్ట్‌వేరు వ్రాసినవారు ఆ లెక్కకు నాలుగుకోట్ల పరిమితి విధించి యుండిరి. ఆ సంఖ్య నిండినంతనే యంత్రము క్రొత్త పిలుపులను పంపుట మానినది. ఏడు రాష్ట్రములలో కోటి పదిలక్షల మందికి, కొన్నిచోట్ల ఆరుగంటల వరకు, సహాయద్వారము మూతపడెను. ఆరువేల ఆరువందలకు పైగా పిలుపులు అరణ్యరోదనము లయ్యెను. గాలివాన కాదు, భూకంపము కాదు, ఒక్క అంకె. కావున ప్రధానకేంద్రము చెడినప్పుడు భారము వహించుటకు వేరొక నగరమున, వేరొక తంతిమార్గమున, రెండవ కేంద్ర ముండి తీరవలెను. తుపానుల తాకిడికి ఏటేట లోనగు మన తీరప్రాంతమున కిది అత్యావశ్యకము.

ఇంకొక హెచ్చరిక. మనిషి యున్నచోటు తెలిసికొను శక్తి రక్షణకు ఎంత ఉపకరించునో, నిఘాకు నంతయే ఉపకరించును. ఆపదలో పిలిచినవాని స్థానము ఆ సహాయమునకే వినియోగపడవలెను. అన్యకార్యములకు దానిని వాడరాదని శాసనము స్పష్టముగా చెప్పవలెను. ప్రాణభయముతో తలుపు తట్టినవానిని సర్కారు జాబితాలో చేర్చుట స్వతంత్రదేశమునకు శోభింపదు.

వ్యయమెక్కువని కొందరందురు. పాతయంత్రమునకు మూల్యము లేదని వారి తలంపు కాబోలు! దాని మూల్యమును పొలములలోను, రహదారులమీదను, అంబులెన్సుకై యెదురుచూచు కుటుంబములు చెల్లించుచున్నవి. అది బడ్జెటు పద్దులలో కనబడదు, అంతే.

కావున శాసనసభ్యులను మే మొక్కటి కోరుచున్నాము. పిలుపు అందుటకెంత, స్థానము తెలియుటకెంత, వాహనము చేరుటకెంత కాలము పట్టుచున్నదో జిల్లావారీగా మాసమాసము ప్రకటింపుమని ప్రభుత్వమును నిర్బంధింపుడు. సగటు చూపి సంతృప్తి పరచుట చాలదు; మన్యపుగూడెములకు ఎన్ని నిమిషములో వేరుగా చెప్పవలెను. రేయింబవళ్లు ఆర్తనాదములు వినుచుండు కేంద్రోద్యోగులకు తగిన వేతనము, శిక్షణము, విశ్రాంతి కలవో లేవో విచారింపుడు. యంత్రమెంత నవీనమైనను, చివరకు ఆర్తునకు వినబడునది ఒక మనిషి గొంతే.

పొలముగట్టున కూర్చున్నవాడు చెప్పలేకపోయినను వాడెచ్చట నున్నాడో తెలిసికొనుట ప్రభుత్వముయొక్క విధి. పన్ను వసూలుచేయునప్పుడు సర్వే నంబరుతో సహా వానిని గుర్తింపగల ప్రభుత్వము, ప్రాణము కాపాడునప్పుడు గుర్తింపలేననుట న్యాయము కాదు.