భయపుపోటు



జ్వరము వచ్చిన స్త్రీకి ఇంటివారు కషాయము కాచి యిత్తురు. కాలు విఱిగినచో నలుగురు వచ్చి పరామర్శింతురు. కాని యే కారణమును గానరాక గుండె దడదడ కొట్టుకొని, చెమటలు పట్టి, వ్రేళ్లు తిమ్మిరులెక్కి, ఇప్పుడే ప్రాణము పోవునని యడలు దానిని జూచి "ఏమియు లేదు, ఊరకుండు" మని చెప్పి యెవరి పనికి వారు పోవుదురు. దీనిని వైద్యులు పానిక్ అటాక్ అందురు. మేము భయపుపోటు అని వ్రాయుచున్నాము.

మా గొల్లపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పురుషులు దుబాయికిని మస్కటునకును పోగా, అప్పును, పిల్లలను, అత్తమామలను ఒంటిగా మోయుచు బీడీలు చుట్టు స్త్రీలు పెక్కుమంది గలరు. రాత్రి రావలసిన ఫోను రాకున్న వారి గుండె యెట్లుండునో వేఱుగ జెప్ప నక్కఱలేదు. మా వీథిలోని యొక చెల్లెలికి ఈ పోటు మొదట జగిత్యాల బస్సులో వచ్చినది. ఆమె నడుమనే దిగిపోయినది. పిదప బస్సెక్కుట మానినది. తరువాత అంగడి మానినది. తుదకు చుట్టిన బీడీలను కార్ఖానాలో నప్పగించుటకును పొరుగువారిని వేడుకొనసాగినది. గాలి సోకినదని కొందఱు, దిష్టి యని కొందఱు ననిరి. కొండగట్టు అంజన్నకు మ్రొక్కుట మంచిదే, మేమును మ్రొక్కుదుము. కాని మ్రొక్కు వైద్యునికి బదులు గాదు. జగిత్యాలలో వైద్యుడు ఈసీజీ తీయించి, రక్తమును, థైరాయిడును పరీక్ష చేయించి, దోషము లేదనెను. దోషము లేకున్న ఈ దడ యేల యని యామెకు భయము రెట్టించినది!

దడ యేల యనగా, అపాయము తోచినంతనే మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి వేగమగును. పులి యెదురైనప్పుడు పరుగెత్తుటకై దేహము చేసికొను సన్నాహమిది. పులి లేకయే సన్నాహము జరిగినచో దానిని జూచియే మనము బెదరుదుము; ఆ బెదరు మఱికొంత అడ్రినలిన్‌ను దెచ్చును. ఊపిరి మితిమీఱి తీయుటచేతనే వ్రేళ్లు తిమ్మిరులెక్కును. దాని మానాన విడిచినచో ఈ పోటు సామాన్యముగ పది నిమిషములలో శిఖరమున కెక్కి, పిమ్మట దిగిపోవును.

కురుక్షేత్రమున అర్జునుని నోరెండినది, మేను వణకినది, గాండీవము చేజాఱినది. అది భయము గాదు, కృప యని పెద్దలందురు, మేమును గాదనము. కాని దేహము పలికిన భాష యొకటియే. భయమునకు విరాటపర్వములోని యుత్తరుడే తగినవాడు. అంతఃపురమున ప్రగల్భములు పలికి, కౌరవసేనను జూచినంతనే రథము దిగి పరుగెత్తెను. బృహన్నల వెంటబడి పట్టి తెచ్చి, వణకుచున్న వానినే రథమెక్కించెను. వణకు తగ్గువఱకు వేచి యుండలేదు. ఈ ఘట్టమును జదివి నవ్వుకొందుము గాని, ఆనాడు ఉత్తరుడు సారథ్యము చేసినాడను మాటను మఱతుము.

ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు క్లేర్ వీక్స్ 1962లో వెలువరించిన పుస్తకములో చెప్పినదియు నిట్టిదే. యౌవనమున ఆమెకు క్షయ యని వైద్యులు పొరపాటుగ నిర్ణయించి శానిటోరియమున కంపగా, గుండెదడ పట్టుకొన్నది. మొదటి ప్రపంచ యుద్ధమున పోరాడి వచ్చిన స్నేహితు డొకడు, సైనికులకును భయమున గుండె ఇట్లే కొట్టుకొనెడిదనియు, దడకు బెదరుటయే దడను నిలుపుచున్నదనియు చెప్పెను. ఆ మాట పట్టుకొని యామె కోలుకొన్నది. భయమున కెదురు నిలుచుట, దాని నొప్పుకొనుట, దానిపై తేలుట, కాలమును గడవనిచ్చుట, ఇది యామె చూపిన మార్గము. తేలుట యనగా నేమో మన ధర్మపురి రేవున గోదావరి స్నానము చేసినవారికి తెలియును. చేతులు కొట్టుకొన్న కొలది మునుగుదుము. వెల్లకిల పడుకొన్న నీరే మోయును.

ఒప్పుకొనుట ఓడిపోవుట గాదా యని కొందఱడుగుదురు. కాదు. "రాకూడదు, రాకూడదు" అని పండ్లు బిగించుట మానుటయే ఒప్పుకొనుట.

"అక్కా, అది మళ్ల బస్సుల వస్తే?" అని మా చెల్లెలు అడిగినది. "రానియ్యి చెల్లె! పక్కన గూసుంటది, జగిత్యాలల దిగిపోతది" అంటిమి. ఆమె నవ్వినది. మఱునాడు ఇరువురమును బస్సెక్కితిమి. సగము దూరమున అది రానే వచ్చినది. ఆమె ముఖము తెల్లబోయినది, చేతులు వణకినవి; దిగలేదు. ఊపిరిని మెల్లగా విడుచుచు, కిటికీలోనుండి వరిమళ్లను జూచుచు కూర్చున్నది. జగిత్యాల చేరునప్పటికి పోటు తీసిపోయెను. తరువాతి వారము ఒంటరిగ వెళ్లినది. ఇప్పటికిని అప్పుడప్పుడు వచ్చుచున్నదట. బీడీలు మాత్రము తానే అప్పగించుచున్నది.

ఱొమ్ములో నొప్పి క్రొత్తగ పుట్టి ఎడమచేతికో దవడకో ప్రాకినను, స్పృహ తప్పినను, భయపుపోటని సరిపెట్టుకొనక 108కి ఫోను చేయవలెను. రక్తహీనతయు, థైరాయిడు దోషమును ఇట్టి దడనే తెచ్చును గనుక పరీక్ష ముందు, ధైర్యము తరువాత. పోటులు మాటిమాటికి వచ్చి యిల్లు కదలనీయకున్న మందులును గలవు, మాటలతో చేయు చికిత్సయు గలదు, సిగ్గుపడ నక్కఱలేదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సంఖ్య 14416. రేయింబవళ్లు తెలుగులో మాటలాడుదురు, రుసుము లేదు. గోడమీది క్యాలెండరుపై వ్రాసి యుంచుడు, అత్తగారికి గూడ కనబడునట్లు.