రిఫరెన్స్ పుస్తకం తెరువు, ఖఫ్జీ తమ్ముడా!

డ్యూటీ దిగి క్యాంపుకు చేరే తమ్ముడా, నైట్ షిఫ్టు ముగించుకొచ్చే చెల్లెమ్మా, ఈ మాట మీకే.

మీరున్న సౌదీ ఊరు ఖఫ్జీ చమురు మీద నిలబడ్డ ఊరు. 1960లో జపాన్ కంపెనీ ఒకటి ఇక్కడి సముద్రంలో చమురు కనుక్కుంది. సౌదీ, కువైట్‌లు పంచుకునే ఆ క్షేత్రంలో ఉత్పత్తి 2014 అక్టోబరులో ఆగిపోయింది. 2019 డిసెంబరులో ఆ రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరాక, 2020లో గానీ మళ్లీ మొదలవలేదు. బావి మూయడం, తెరవడం మన చేతిలో లేవు. ఇకామా (నివాస పర్మిట్) రెన్యువల్ కూడా మన చేతిలో లేదు. శుక్రవారం మాత్రం మనది. ఆ రోజును డేటాబేస్ ప్రోగ్రామింగ్‌కు ఇవ్వండి.

అమీర్‌పేటలో లాగా ఇక్కడ వీధివీధికీ కోచింగ్ సెంటర్ లేదని దిగులెందుకు? మీ చేతిలో అసలు సరుకే ఉంది. స్టోర్‌లో వాల్వుల, ఫ్లాంజిల, గాస్కెట్ల లెక్క రాసేది మీరే. ఎక్సెల్ షీట్‌లో ఒకే వాల్వు మూడు స్పెల్లింగులతో మూడు వరుసల్లో కూర్చుంటే ఎంత తలనొప్పో మీకు తెలుసు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ డేటాను టేబుళ్లుగా అమర్చే పద్ధతిని 1970లో ప్రతిపాదించాడు. ఆ దారిలో వచ్చిన సూత్రం ఇదీ: ఒక నిజాన్ని ఒకే చోట రాయి, మిగతా చోట్ల దాని నంబరు చాలు. ఆ టేబుళ్లను ప్రశ్నించే భాషకు 1974లో అదే ఐబీఎంలోని చాంబర్లిన్, బాయిస్ రూపమిచ్చారు. నేటి ఎస్‌క్యూఎల్ దాని వారసురాలే.

వీడియోలు చూస్తే సరిపోదా అంటారేమో. వీడియో దారి చూపిస్తుంది. గోతులు ఎక్కడున్నాయో రిఫరెన్స్ పుస్తకం చెబుతుంది. స్టాక్ సున్నా అంటే సరుకు లేదని. స్టాక్ నల్ అంటే ఎంతుందో తెలియదని. స్టాక్ ఈక్వల్ టు నల్ అని అడిగితే ఒక్క వరుసా రాదు, ఎర్రర్ కూడా రాదు. ఈజ్ నల్ అని అడగాలి. ఈ తేడా తెలియనివాడి రిపోర్టు తప్పు చెబుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ట్రాన్సాక్షన్ సంగతీ అంతే. సరుకు ఇచ్చినట్టు రాయడం, స్టాక్ తగ్గించడం రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. మధ్యలో కరెంటు పోయినా సరే. ఆ హామీ ఎలా దక్కుతుందో, ఎప్పుడు దక్కదో తెలిసినవాడే ప్రోగ్రామరు.

మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. ఎస్‌క్యూలైట్ ఉచితం, సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలులో ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ కూడా ఉచితమే. దాని మాన్యువల్‌ను దించుకుంటే నెట్ లేనప్పుడూ చదవొచ్చు. కానీ దాన్ని నవలలా మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవకండి. ఒక కమాండు ఎంచుకోండి. వివరణ చదవండి, ఉదాహరణను కాపీ కొట్టకుండా మీ వేళ్లతో టైపు చేయండి, ఫలితం ఏమొస్తుందో ముందే కాగితం మీద రాసుకోండి. మీ ఊహ తప్పితే సంతోషించండి, ఆ రోజు పాఠం దొరికిందన్నమాట. నోట్స్ అని ఉన్న భాగాన్ని మాత్రం వదలొద్దు. ఇంకో మాట: కంపెనీ డేటాను ముట్టుకోవద్దు. అలాంటి స్టోర్‌నే కల్పించుకొని లెక్కలు పెట్టండి.

తెలుగు మీడియంలో చదివామని వెనకాడుతున్నారా? రిఫరెన్స్ పుస్తకపు ఇంగ్లీషులో అలంకారాలుండవు. తిరిగి తిరిగి వచ్చేది అవే కొన్ని వందల మాటలు. పది పేజీలు కష్టపడితే పదకొండోది దారికొస్తుంది.

పుస్తకం చదివినంత మాత్రాన ఉద్యోగం వచ్చి తలుపు తట్టదు. ఆ అబద్ధం మీకు చెప్పను. కానీ నేర్చిన విద్యకు వీసా అక్కర్లేదు. ఖఫ్జీలో నేర్చినా కరీంనగర్‌లో, కడపలో అంతే పనిచేస్తుంది. ఇన్నాళ్లూ ఎవరో గీసిన షీట్‌లో అంకెలు నింపారు. ఇక ఆ షీటు ఎలా ఉండాలో చెప్పే మనిషి మీరే కావాలి. వచ్చే శుక్రవారం దాకా ఆగకండి. ఈ రాత్రే మొదటి టేబుల్ కట్టండి, తప్పు చేయండి, పుస్తకం తెరిచి ఆ తప్పు పని పట్టండి!